హెడ్‌సెట్ పెట్టె మీది అంకెలు మీ చెవికి ఏం చెబుతున్నాయి?



మందు సీసా కొన్నప్పుడు వెనక్కి తిప్పి చూడమని మేము మీకు పదే పదే చెబుతుంటాం. చాలామంది చూస్తున్నారు కూడా. తేదీ దాటిపోయిందా, ఎన్ని మిల్లీగ్రాములు, పిల్లలదా పెద్దలదా అని అడిగి మరీ తీసుకుంటున్నారు. అదే మనుషులు వైరు హెడ్‌సెట్ కొనేటప్పుడు రంగు చూస్తారు, ధర చూస్తారు, "బేస్ బాగా కొడుతుందండీ" అని షాపతను అంటే డబ్బులిచ్చి వచ్చేస్తారు. పెట్టె వెనుక సన్న అక్షరాలతో ఉన్న అంకెల జోలికి పోరు. ఆ అంకెల్లో కొన్నిటితో మీ చెవికి నిజంగానే పని ఉంది. కొన్నిటితో ఏమీ లేదు. ఏది ఏదో ఇప్పుడు చూద్దాం.

2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి వచ్చినప్పుడు మన తిరువూరులోనూ, చుట్టుపక్కల విస్సన్నపేట, గంపలగూడెం, ఏ.కొండూరు ఊళ్ళలోనూ ఇవి ఇంటింటికీ చేరాయి. తరువాత బడులు తెరిచారు, హెడ్‌సెట్లు మాత్రం పోలేదు. హైదరాబాదు కంపెనీ ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేసే అబ్బాయికి అది రోజంతా తల మీదే ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివే అమ్మాయి దానితోనే పాఠాలు వింటుంది. 2019 నవంబరులో మొదలైన ఈ-సంజీవని ద్వారా ఊరి హెల్త్ క్లినిక్ నుంచి డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు కూడా మాట స్పష్టంగా వినపడాలంటే హెడ్‌సెట్ ఉంటేనే మంచిది. కాబట్టి దీన్ని మానుకోమని నేను చెప్పబోవటం లేదు. మందును మానుకోమనం గదా, మోతాదు చూసుకోమంటాం.

ముందు చెవి సంగతి రెండు మాటల్లో చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. పుట్టినప్పుడు అందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల సన్నని కేశకణాలు ఉంటాయి. శబ్దాన్ని నాడికి అందించేవి అవే. చర్మం తెగితే కూడుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఈ కణాలు మాత్రం చనిపోతే మళ్ళీ పుట్టవు. వాటిని తిరిగి మొలిపించే మందు ఇప్పటికీ లేదు. పెద్ద శబ్దం వాటిని ఒక్క రోజులో చంపకపోవచ్చు. కొద్ది కొద్దిగా, నొప్పి తెలియకుండా తీసుకుపోతుంది. నొప్పి ఉంటే మనం ముందే జాగ్రత్తపడేవాళ్ళం.

అన్నిటికన్నా ముందు చూడవలసిన అంకె: సెన్సిటివిటీ

పెట్టె వెనుక "సెన్సిటివిటీ" అన్న మాట పక్కన 95 డీబీ అనో, 105 డీబీ అనో, 110 డీబీ అనో ఉంటుంది. డీబీ అంటే డెసిబెల్, శబ్ద తీవ్రతకు కొలమానం. ఆ హెడ్‌సెట్‌కు ఒక మిల్లీవాట్ విద్యుత్తు ఇస్తే చెవి దగ్గర ఎంత శబ్దం పుడుతుందో ఈ అంకె చెబుతుంది. మిల్లీవాట్ అంటే వాట్‌లో వెయ్యో వంతు. మన వరండాలో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. అంత కొద్ది కరెంటుతోనే చెవిలో 105 డెసిబెల్స్ మోత పుడుతుందంటే, ఆ బుల్లి వస్తువు శక్తి ఏమిటో ఊహించుకోండి.

చాలామంది ఈ అంకె ఎక్కువ ఉంటే హెడ్‌సెట్ నాణ్యమైనదని అనుకుంటారు. అది నాణ్యత గుర్తు కాదు, ఘాటు గుర్తు. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సిరప్ మీకు తెలుసు. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, మరో సీసాలో అదే 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. చెంచా అదే, రంగు అదే, బిడ్డ కడుపులోకి పోయే మందు మాత్రం రెట్టింపు. ఫోనులో వాల్యూమ్ గీత ఆ చెంచా లాంటిది. సెన్సిటివిటీ అంకె సీసా మీది మిల్లీగ్రాముల లాంటిది. పాత హెడ్‌సెట్‌తో పది గీతల దగ్గర హాయిగా విన్నారని కొత్తదాన్ని కూడా పది గీతల దగ్గరే పెడితే మోతాదు ఒకటే అవుతుందని అనుకోకండి.

ఇక్కడ డెసిబెల్ లెక్కలో ఒక చిత్రం ఉంది. ఇది మామూలు కూడిక కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే చెవికి చేరే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. 6 పెరిగితే నాలుగింతలు, 10 పెరిగితే పదింతలు. అందుచేత 95కూ 110కీ మధ్య తేడా 15 అంటే "ఏదో కొంచెం ఎక్కువ" కాదు, ముప్ఫై రెండింతలు. ఒకే కరెంటు అందితే, మొదటి దానితో 32 గంటల్లో చెవికి చేరే మోతాదు రెండో దానితో ఒక్క గంటలో చేరిపోతుంది.

ఎంత మోతాదు సురక్షితం? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ గంటలు ఎలా కరిగిపోతాయో చూడండి: పెద్దవారికి 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. 100 డెసిబెల్స్ అయితే వారానికి ఇరవై నిమిషాలే. రోజుకు కాదు, వారానికి.

దీన్ని మన బస్సు ప్రయాణానికి అన్వయించి చూద్దాం. తిరువూరు నుంచి మైలవరం మీదుగా విజయవాడ వెళ్ళడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. పాత బస్సులో ఇంజను రొద, కిటికీ అద్దాల గడగడ, హారను అన్నీ కలిసి 70 నుంచి 80 డెసిబెల్స్ ఉండటం మామూలే. పాట ఆ రొదను దాటి వినపడాలని వాల్యూమ్ పెంచుతారు. అలా పెంచితే 90కి చేరటం ఎంతసేపు? ఒకసారి విజయవాడ వెళ్ళి వచ్చేసరికి వారం మొత్తానికి ఉన్న మోతాదు అయిపోయింది. మిగిలిన ఆరు రోజులు వినేదంతా అప్పు కిందే లెక్క. రోజూ కాలేజీకి బస్సులో వెళ్ళే పిల్లల సంగతి మీరే ఆలోచించండి.

రొద ఉన్నచోట పనికొచ్చేది వాల్యూమ్ కాదు, చెవిని సరిగ్గా మూసే రబ్బరు బుడిపె. హెడ్‌సెట్‌తో పాటు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో బుడిపెలు ఇస్తారు. చాలా ఇళ్ళల్లో అవి పెట్టెలోనే ఉండిపోతాయి. మీ చెవికి సరిపోయేది పెట్టుకుంటే బయటి రొద తగ్గుతుంది, తక్కువ శబ్దంతోనే మాట తెలుస్తుంది. అయితే చెవులు మూసుకొని రోడ్డు మీద నడవడం, బండి నడపడం మాత్రం వద్దు. మన ఊరి మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఎలా వస్తాయో చెప్పనక్కరలేదు.

రెండు హెడ్‌సెట్లను పోల్చేటప్పుడు ఒక మెలిక గమనించండి. కొందరు తయారీదారులు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు ఇంత అని రాస్తారు, కొందరు వోల్టుకు ఇంత అని రాస్తారు. మిల్లీవాట్‌కు 105 అని రాసిన 32 ఓమ్స్ హెడ్‌సెట్‌ను వోల్టు లెక్కలో రాస్తే 120 అవుతుంది. వస్తువు అదే. కాబట్టి అంకె పక్కన ఉన్న చిన్న మాటను కూడా చదివి, ఒకే లెక్కలో ఉన్నవాటినే పోల్చండి.

ఓమ్స్ అన్నాను గదా, అది "ఇంపెడెన్స్", అంటే కరెంటుకు ఆ హెడ్‌సెట్ ఇచ్చే అడ్డు. ఫోన్లకు వాడేవి మామూలుగా 16 లేదా 32 ఓమ్స్ ఉంటాయి. సెన్సిటివిటీ మిల్లీవాట్ లెక్కలో ఒకటే అయినప్పుడు, 16 ఓమ్స్ ఉన్నది అదే వాల్యూమ్ దగ్గర కాస్త ఎక్కువ మోగుతుంది. ఇంతకంటే దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కరలేదు.

ఇప్పటి ఫోన్లలో కొన్ని "మీరు ఇంత డెసిబెల్స్ వింటున్నారు" అని చూపిస్తాయి. మంచిదే. కానీ వైరు చివర ఏ హెడ్‌సెట్ ఉందో, దాని ఘాటు ఎంతో ఫోనుకు సాధారణంగా తెలియదు. వాల్యూమ్ గీతను బట్టి అంచనా కడుతుంది. అందుకే ఆ అంకె మీద పూర్తిగా భారం వేయకండి. వాల్యూమ్‌ను 60 శాతం దాటనివ్వకండి. ఘాటు ఎక్కువైన హెడ్‌సెట్ అయితే ఇంకా కిందే ఉంచండి. కొత్తది కొన్న రోజున వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చొని, ఎదుటివారి మాట తెలిసేంతవరకు ఒక్కో గీత పెంచుకుంటూ రండి. మీ గీత అక్కడే.

పిల్లల హెడ్‌సెట్ల మీద "85 డీబీ లిమిట్" అని పెద్దగా రాసి ఉంటుంది. తల్లులు దాన్ని చూసి రోజంతా పెట్టుకోవచ్చని భరోసా పడుతున్నారు. పైన చెప్పిన పిల్లల లెక్క ప్రకారం 85 దగ్గర వారానికి నాలుగు గంటలే. అలాగే కాల్ సెంటర్ హెడ్‌సెట్ల మీద "118 డీబీ" రక్షణ అని కనిపిస్తుంది. అది లైనులో హఠాత్తుగా వచ్చే కీచుమోతను అక్కడ ఆపడానికి మాత్రమే. రోజంతా వినే మాటకు దానితో సంబంధం లేదు.

20 నుంచి 20,000: చూడటానికి పెద్దది, పనికి చిన్నది

"ఫ్రీక్వెన్సీ 20 హెర్ట్జ్ – 20 కిలోహెర్ట్జ్" అని దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. వంద రూపాయల దాని మీదా ఉంటుంది, పదివేల దాని మీదా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లల చెవి పట్టుకోగల స్వరాల హద్దులు ఇవి. వయసు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గిపోతుంది. పాత పద్ధతి టెలిఫోన్ మాట 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యనే నడిచేది, దానితోనే మనం పెళ్ళి సంబంధాలు కూడా మాట్లాడుకున్నాం. డ్రైవర్ 10 మిల్లీమీటర్లా 14 మిల్లీమీటర్లా అన్నదీ అంతే, ఆ అంకెతో మీ చెవి ఆరోగ్యానికి పని లేదు.

కానీ ఫ్రీక్వెన్సీ అనే మాట ఇంకోచోట మీకు ఎదురవుతుంది. చెవి పరీక్ష కాగితం మీద, అంటే ఆడియోగ్రామ్ మీద, 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు గడులు ఉంటాయి. శబ్దం వల్ల చెవి దెబ్బతింటే సాధారణంగా ముందు 3,000 నుంచి 6,000 మధ్య, ముఖ్యంగా 4,000 దగ్గర గీత గుంటలా కిందికి దిగుతుంది. స, శ, చ, త లాంటి సన్న శబ్దాలకు బలం ఆ పై స్వరాలలోనే ఉంటుంది. అందుకే ఇలాంటివారు "వినపడటం లేదు" అనరు. "సిస్టర్ గారూ, మాట వినపడుతోంది గానీ అర్థం కావటం లేదు" అంటారు. పక్కన టీవీ మోగుతుంటే, నలుగురు ఒక్కసారి మాట్లాడుతుంటే మరీ కష్టం. ఇంట్లోవాళ్ళు పరధ్యానం అనుకుంటారు, బడిలో మాస్టారు అశ్రద్ధ అనుకుంటారు.

మైకు సంగతి

మైకు సెన్సిటివిటీకి ముందు మైనస్ గుర్తు ఉంటుంది. మైనస్ 38, మైనస్ 42 ఇలా. సున్నాకు దగ్గరగా ఉన్నది ఎక్కువ శబ్దాన్ని పట్టుకుంటుంది. అంటే మైనస్ 38 ఉన్నది చురుకైనది. చురుకైనదే మేలని మాత్రం అనుకోవద్దు. మీ మాటతో పాటు వంటింట్లో కుక్కరు విజిల్‌ను కూడా అది అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది.

అంకె కన్నా ముఖ్యమైనది నోటికీ మైకుకీ ఉన్న దూరం. ఆ దూరం సగమైతే మాట 6 డెసిబెల్స్ బలంగా అందుతుంది. వైరు మీద ఉండే మైకు ఛాతీ దగ్గర, నోటికి సుమారు 20 సెంటీమీటర్ల కింద వేలాడుతుంది. ఊచ ఉన్న మైకును పెదవి చివర రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంచవచ్చు. అంటే 18 డెసిబెల్స్ లాభం. పైగా వైరు మైకు చున్నీకీ, నల్లపూసలకీ రాసుకొని బరబరలాడుతుంది. రోజూ గంటలకొద్దీ మాట్లాడవలసినవారు ఊచ ఉన్నదే కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. దాన్ని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు, కొంచెం కిందికి పెట్టుకోండి, ఊపిరి తగలదు.

"నాయిస్ క్యాన్సిలింగ్" అన్న మాట దగ్గర చాలామంది మోసపోతున్నారు. వైరు హెడ్‌సెట్ పెట్టె మీద ఆ మాట ఉంటే చాలాసార్లు అది మైకు గురించి. మీ చుట్టూ ఉన్న రొద అవతలివారికి వినపడకుండా తగ్గిస్తుంది. మీ చెవిలో పడే రొదను అది తగ్గించదు. ఇది తెలియక "రొద తగ్గించే హెడ్‌సెట్ గదా" అనుకొని, తగ్గకపోయేసరికి వాల్యూమ్ పెంచుతారు. పక్కన "మైక్రోఫోన్" అన్న మాట ఉందేమో చూసి కొనండి.

మైకు బాగా లేకపోతే మీ చెవికేమిటి అంటారేమో. అవతలి చెవికి నష్టం. మన తెలుగు అంకెలను ఫోనులో ఒకసారి చెప్పి చూడండి: ఇరవై, అరవై. మొదటి అక్షరం తెగిపోతే రెండూ ఒకటే. పదిహేను, పదిహేడు. చివరి అక్షరం తెగితే అవీ అంతే. ఇన్సులిన్ ఇరవై యూనిట్లకూ అరవై యూనిట్లకూ మధ్య ప్రాణం ఉంది. అందుకే ఫోనులో డాక్టరు గారు మోతాదు చెబితే "రెండు, సున్నా... ఇరవై యూనిట్లేనా అండీ?" అని తిరిగి చెప్పి, అవునని విన్నాకే రాసుకోవాలి. నర్సులకు ఇది నియమం. ఇంట్లో మందులు ఇచ్చే మీరు కూడా సిగ్గుపడకుండా ఇలాగే అడగండి.

పిన్ను, వైరు

పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలుంటే మైకు కూడా ఉన్నది, రెండే ఉంటే వినడానికి మాత్రమే. మూడు గీతలవాటిలోనూ రెండు పద్ధతులున్నాయి, సీటీఐఏ, ఓఎంటీపీ అని. మైకు తీగ, ఎర్తు తీగ వీటిలో తారుమారుగా ఉంటాయి. ఫోను ఒక పద్ధతి, హెడ్‌సెట్ ఇంకో పద్ధతి అయితే మాట డొల్లగా, దూరంగా వినిపిస్తుంది; మైకు మీది బటన్ నొక్కి పట్టుకుంటే సరిగ్గా వస్తుంది. అలా జరిగితే హెడ్‌సెట్ పాడైందని కాదు, జత కుదరలేదని అర్థం. పాత కంప్యూటరుకు ఆకుపచ్చ, గులాబి రంగుల్లో రెండు రంధ్రాలుంటే మధ్యలో చిన్న స్ప్లిటర్ కావాలి. టైప్-సీ పిన్నువి అన్ని ఫోన్లకూ కుదరవు, షాపులోనే మీ ఫోనుకు పెట్టి చూసి కొనండి.

వైరు లోపల తెగి ఒక పక్క వినపడకపోతే చాలామంది రెండో పక్క వాల్యూమ్ పెంచి నెట్టుకొస్తారు. రెండు చెవులతో వినేటప్పుడు సరిపోయే శబ్దం ఒక్క చెవికి చాలదు, అందుకే పెంచాలనిపిస్తుంది. పైగా తెగిన తీగ ఉన్నట్టుండి కలిస్తే ఆ పెంచిన మోత మొత్తం చెవిలో పడుతుంది. అలాంటిదాన్ని పారేయండి. ఫోను చార్జింగ్‌లో ఉండగా వైరు హెడ్‌సెట్ చెవిలో పెట్టుకోకండి. నాసిరకం చార్జరు లోపల చెడితే ఇంటి కరెంటు ఆ వైరు వెంట చెవి దాకా రాగలదు.

ఒకరి బుడిపెలు ఒకరు వాడవద్దు. వారానికి ఒకసారి బుడిపెలు ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. చెవిలో చీము కారుతుంటే తగ్గేవరకు చెవిలోకి దూరే రకం ముట్టవద్దు. గులిమి లోపలికి నెట్టుకుపోయి వినికిడి తగ్గినా పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టకండి, ఆసుపత్రిలో తీయించుకోండి.

హెడ్‌సెట్ తీసిన తరువాత చెవిలో గుయ్‌మని హోరు, దూది పెట్టినట్టు దిమ్ము ఉంటే ఆ రోజు మోతాదు మించిందని గుర్తు. మరునాటికి కూడా హోరు తగ్గకపోతే పరీక్ష చేయించుకోవాలి. ఒక చెవి హఠాత్తుగా వినపడకుండా పోతే మరునాటి దాకా ఆగవద్దు, అదే రోజు చెవి డాక్టరు గారికి చూపించండి. ఆలస్యమయ్యేకొద్దీ వైద్యం ఫలించే అవకాశం తగ్గిపోతుంది. పరీక్షకు వచ్చేటప్పుడు, వాడే మందుల చీటీలు తెచ్చినట్టే, మీరు వాడే హెడ్‌సెట్‌నూ, ఉంటే దాని పెట్టెనూ కూడా వెంట తీసుకురండి.